నేల కింద మిగిలిన కాయలు

నేను ఒక హార్డ్ డిస్క్‌ని. చూడ్డానికి బెల్లం అచ్చులా ఉంటాను, తీపి మాత్రం లేదు. పైన వెండిరంగు రేకు, కింద పచ్చటి పలక, మూలల్లో స్క్రూలు. లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలున్నాయి. అవి బొంగరాన్ని మించిన వేగంతో తిరుగుతుంటే, వాటి మీద వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో ఒక సన్నటి ముల్లు తేలుతూ పోతుంది. తగలకూడదు, దూరంగా జరగకూడదు. కొత్త కోడలు అత్తగారి ముందు నడిచినట్టు నడవాలి.

నేను పుట్టింది సముద్రాల అవతల, దుమ్మన్నది లేని ఒక గదిలో. నన్ను తయారుచేసినవాళ్ల ముఖాలు నేను చూడలేదు, కళ్లు తప్ప అన్నీ కప్పుకుని ఉండేవాళ్లు. ఒక్క ధూళికణం లోపలికి పోయినా నా బతుకు ముగిసినట్టేనని వాళ్ల భయం. అంత భద్రంగా మూత బిగించి, ముద్దు చేసి, చివరికి నన్ను ఎక్కడికి పంపారు? ధర్మవరానికి. గాలి వీస్తే ఎర్రమట్టి, వీయకపోతే పట్టునూగు. దేవుడికి కూడా హాస్యం తెలుసునని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

నన్ను కొన్నవాడి పేరు చౌడేశు. జూనియర్ కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ చెప్తాడు. వీధిలో ఎవరి ఫోను మొరాయించినా అతన్నే పిలుస్తారు. అలా పిలిచి పిలిచి, తనకు రానిది లేదన్న నమ్మకం అతనికి కలిగించారు. తండ్రి లింగమయ్య వెనక గదిలో గుంట మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. తల్లి ఓబుళమ్మ పట్టుదారం కండెలు చుడుతుంది. ముందు గదిలో నేనున్న కంప్యూటర్, నడిమి గదిలో టీవీ.

"ఇంత పెట్టెలో నా భజనపాటలన్నీ పడతాయా రా?" అని అడిగింది ఓబుళమ్మ, నన్ను తిప్పి చూసి.

"నీవే కాదు అమ్మా, ధర్మవరంలో ఉండే భజనలన్నీ పడతాయి."

"ఊరిదంతా మనకేంటికి? నావి పెట్టు చాలు."

మొదటిరోజే నా లోపల గోడలు లేచాయి. దాన్ని పార్టిషన్ అంటారు. మనుషులైతే ఇల్లు పంచుకునేటప్పుడు కొట్లాడుకుని గోడ కడతారు, చౌడేశు మాత్రం ఈల వేస్తూ కట్టాడు. మొదటి గది కంప్యూటర్ సొంతపనులకు. రెండో గదికి 'చౌడేశు' అని పేరు పెట్టి సినిమాలు, అమ్మ భజనలు, కాలేజీ ప్రశ్నపత్రాలు కుక్కాడు. మూడో గదిని ఖాళీగా ఉంచాడు. ఎవరి కోసం అని అప్పుడు నాకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. మనుషులు దేన్నైనా చెరపాలనుకుంటే ఒక మీట నొక్కుతారు, తెర మీద అది మాయమవుతుంది, చేతులు దులుపుకుంటారు. నిజానికి నేను చేసేది తలుపు మీది పేరు తుడిచేయడమే. మనిషి లోపలే చీకట్లో కూర్చుని ఉంటాడు. ఆ చోటికి ఇంకొకరు కాపురానికి వచ్చేదాకా కదలడు. పారేయడం నాకు చేతకాదు. ఎవరైనా నా మీద మళ్లీ రాస్తేనే పాతది పోతుంది. రాయవద్దని చెప్పడం కూడా నాకు చేతకాదు.

చౌడేశుకు ఉరవకొండ అమ్మాయితో సంబంధం కుదిరింది. పేరు సువర్ణ. డిగ్రీ చదివి, కంప్యూటర్‌లో చీరల డిజైన్లు గీసే పని నేర్చుకుంది. ఒకరోజు ఫోన్‌లో మాటల మధ్య ఆ అమ్మాయి, "మా నాయన చెక్కభజన బాగా పాడ్తాడు. మీరు పాడ్తారా?" అని అడిగింది. ఊరికే అడిగిందంతే. ఇతను "ఓ!" అన్నాడు.

ఆ 'ఓ' ఖరీదు నాకు తెలుసు. తలుపు గడియ పెట్టుకుని, మైకు ముందు కూర్చుని, ఒకే భజనపాటను ఎన్నిసార్లు పాడి రికార్డు చేశాడో! వినడం, తల పట్టుకోవడం, చెరిపేయడం. మళ్లీ పాడడం. అన్నీ పోయాయని అతని ధైర్యం. అన్నీ నా దగ్గరే ఉన్నాయి.

పెళ్లయింది. సువర్ణ ఇంట్లోకి వచ్చిన రెండోరోజో మూడోరోజో నేనున్న పెట్టె మీది దుమ్మును కొంగు చివరతో తుడిచింది. అంతకుముందు ఎవరూ నన్ను కొంగుతో తుడవలేదు. చౌడేశు పక్కన నిలబడి, మహారాజు మాన్యం రాసిచ్చినట్టు, "ఇదో, ఈ గదంతా నీది" అని మూడో గది చూపించాడు.

"అంతా నాదేనా? ఎవరూ రారా?"

"నేను గూడా రాను."

ఆమె కళ్లు ఎంత పెద్దవయ్యాయో! ఆ గదికి 'పుట్టిల్లు' అని పేరు పెట్టింది. ఓబుళమ్మ చదివించుకుని విని, "అత్తగారింట్లో పుట్టిల్లు పెట్టుకున్న కోడల్ని నిన్నే చూస్తాండా మే" అని నవ్వింది.

సువర్ణ నలుగురిలో అతన్ని "ఏమండీ" అనేది. ఎవరూ లేనప్పుడు "చౌడూ" అనేది. నేనున్నాను కదా, ఆమె లెక్కలో నేను ఎవరినీ కాను. లెక్కలో లేనివాళ్లకే ఇలాంటి మంచిమాటలన్నీ వినబడతాయి.

ఆ గదిలోని పుట్టింట్లో ఆమె ఒకే ఒక పని చేసుకుంది. ఒక చీరకొంగు. నెమళ్లు, హంసలు, మామిడి పిందెలు అందరూ వేసేవే. ఆమె వేసింది వేరుశెనగ చెట్టు. కొంగు పైసగంలో ఆకులు, వాటి నడుమ చిన్న పసుప్పచ్చ పూలు. ఆ పూల నుంచి ఊడలు వంగి నేలలోకి దిగుతాయి. కింది సగమంతా నేల లోపలి సంగతి: వేళ్లు, ఊడల చివర గుత్తులుగా కాయలు. చిన్న చిన్న గడులు గీసి, ఒక్కో గడిలో రంగు నింపాలి. రంగున్న చోట జరీ పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. నాకు ఆ పని ఎంత నచ్చిందో! నాకు తెలిసిన భాష కూడా అంతే, ఉంది, లేదు. నా మాటలో ఆలోచించే మనిషిని నేను మొదటిసారి చూశాను.

ఆ కాయలన్నీ మూసుకున్నవే. ఒక్కటి మాత్రం, వేళ్ల మధ్యన దాచినట్టుగా, కొద్దిగా విచ్చుకుని ఉంటుంది. లోపల రెండు ఎర్రటి గింజలు ఒకదానికొకటి ఆనుకుని పడుకుని ఉంటాయి. దాన్ని గీసిన మధ్యాహ్నం ఆమె తనలో తాను నవ్వుకుంది. తలుపు వైపు చూసి, మళ్లీ నవ్వుకుంది.

"నాకు చూపించవా?" అని చౌడేశు రోజూ అడిగేవాడు.

"చీరలోనే చూడు."

ఇది పంతం కాదు, ఈ ఊరి భయం. కొత్త డిజైన్ ఏమాత్రం బయటికి పొక్కినా, మన మగ్గం మీద కొంగు పూర్తికాకముందే ఎక్కడో మరమగ్గాల మీద వందల చీరలై అంగళ్లకెక్కుతుంది. అందుకే ధర్మవరంలో ఆడపిల్ల నగలు బీరువాలో ఉంటాయి, డిజైన్లు గుండెల్లో ఉంటాయి. సువర్ణ దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టలేదు. ఫోన్‌లో ఫొటో తీయలేదు. కాగితం మీద అచ్చు వేయలేదు. ఉన్నది ఒక్కటే ప్రతి, అది నా దగ్గర. దొంగల నుంచి కాపాడుకోవడానికి అంత జాగ్రత్తపడింది. ఇంట్లోవాళ్ల ప్రేమ నుంచి కాపాడుకోవాలని ఆమెకు తట్టలేదు.

ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడలి చెయ్యి పడిన మొదటి చీర నేతగాళ్ల ఇలవేల్పు చౌడేశ్వరమ్మకు జ్యోతి పండుగనాడు కట్టాలి. ఓబుళమ్మ తన కాలంలో కండెలు చుట్టింది, ఆమె అత్త పడుగు పోగులు అతికింది. డిజైనే తెచ్చిన కోడలు ఈమే మొదలు. లింగమయ్య వంకాయరంగు పడుగు ఎక్కించి, ఒడలు, అంటే చీర నడిభాగం, నేయడం మొదలుపెట్టాడు. ఒడలు అయిపోతే కొంగు. కొంగు నేసే వేళకు సువర్ణ గీసిన గడులు పోగుల్ని లేపే అట్టల మీద రంధ్రాలై మగ్గం నెత్తిన వేలాడాలి. వెనక గదిలోంచి టకటక చప్పుడు వినిపించినప్పుడల్లా చీర కొంగు వైపు ఒక పోగు నడిచినట్టు. సువర్ణకు ఇక కాస్త సరిదిద్దే పనే మిగిలింది.

అప్పుడు వచ్చింది, పెళ్లయి నెల నిండిన రోజు.

చౌడేశుకు ఆ రోజు భార్యకు ఏదైనా ఇవ్వాలనిపించింది. మల్లెపూలు తెచ్చాడు. చాలలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని నా గదుల వైపు చూశాడు. ఒక గది 'చౌడేశు', పక్కన గది 'పుట్టిల్లు', మధ్యలో గోడ. అతని ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూస్తే నాకు భయమేసింది. మగవాడికి ప్రేమ, కంప్యూటర్ జ్ఞానం ఒకేసారి పొంగితే ఎవరో ఒకరు మునుగుతారు.

గోడ పడగొట్టి రెండు గదులూ ఒకటి చేయాలి. పేరు 'మన ఇల్లు'. పేరు ముందే టైపు చేసి పెట్టుకున్నాడు.

అది ఎలాంటి పనంటే, నిండుగా సామాను ఉన్న రెండు గదుల్లోంచి గంపలతో ఎత్తి, ఇటుపెట్టి అటుపెట్టి, ఆ సందులోనే గోడ కూల్చడం. మధ్యలో ఆగకూడదు. ఆగితే ఏ గంప ఎవరిదో, ఏది ఎక్కడ దించారో నాకే తెలియదు. కరెంటు పోయినా ఆగకుండా చూసే యూపీఎస్ ఆ ఇంట్లో ఉంది. కానీ దాని వైరు కొన్నాళ్లుగా టీవీకి పోతోంది. కరెంటు పోయినప్పుడు సీరియల్ ఆగిపోతోందని ఓబుళమ్మ బాధపడితే, మంచి కొడుకు కాబట్టి చౌడేశే మార్చాడు. తర్వాత మరిచిపోయాడు.

మధ్యాహ్నం. సువర్ణ వెనక గదిలో మామ పక్కన కూర్చుని జరీ కండెలు అందిస్తోంది. చౌడేశు మీట నొక్కాడు. నేను గంపలెత్తడం మొదలుపెట్టాను. సగంలో ఉన్నాను. నా ముల్లు వేరుశెనగ చెట్టు మీదే ఉంది.

కరెంటు పోయింది.

నా పళ్లేలు నిలిచిపోయాయి. చీకటి పడింది. నడిమి గదిలో సీరియల్ అత్తగారు కోడల్ని తిడుతూనే ఉంది.

కరెంటు వచ్చాక తెర మీద మొదటి గది ఒక్కటే కనబడింది. మిగతాదంతా ఖాళీ స్థలం అని చూపించింది. చౌడేశు ముఖం సున్నం కొట్టినట్టయింది. సరిగ్గా అప్పుడే సువర్ణ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమండీ, లేయండి. మామ ఒడలు అయిపోవస్తాంది అంటాండాడు. నేను రోంత సరిచేసి అట్టలకిచ్చేస్తా." కూర్చుని, తెర చూసి, మళ్లీ చూసింది. "నా పుట్టిల్లు యాడ పాయ?"

అతను చెప్పాడు. గోడ గురించి, నెల గురించి, 'మన ఇల్లు' గురించి. మల్లెపూల పొట్లం బల్ల మీద విప్పకుండానే ఉంది.

"నేను తెస్తా. మొత్తం తెస్తా. నువ్వు గమ్మున పొయ్యి పండుకో" అన్నాడు.

అప్పుడు అతను ఏమీ చేయకుండా ఉండి ఉంటే, గదులు పోయినా సామాను చాలావరకు ఉండేది. వైరు పీకి, నన్ను బల్ల మీద పెట్టి, మల్లెపూలు వాసన చూస్తూ కూర్చుని ఉంటే చాలు. కానీ తప్పు చేసిన మనిషి చేతులు ఊరుకోవు. పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కడినుంచో దింపాడు. అది నా మీద తిరిగి, దొరికినవి దొరికినట్టు చూపించింది. 'ఎక్కడ దాచమంటారు?' అని అడిగింది. మొదటి గదిలో చోటు లేదు. అప్పుడు చౌడేశు ఏం చేశాడు? ఆ ఖాళీ స్థలంలోనే హడావుడిగా కొత్త గది కట్టి, అందులో దాచమన్నాడు.

వద్దురా నాయనా! అది ఖాళీ కాదు. అక్కడ చీకట్లో నీ పెళ్లాం చెట్టు నిలబడి ఉంది. నేను అరిచాను. నా అరుపు బయటికి ఎలా వినిపిస్తుందంటే, కటకట, కటకట. "బాగా పనిచేస్తాంది" అన్నాడు చౌడేశు తల్లితో.

ముందుగా సినిమాలు దొరికాయి, పెద్దవి కదా. ఒక్కో సినిమా తిరిగి వచ్చి, కొత్త గదిలో దర్జాగా పరుచుకుంది. ఎవరూ రమ్మనని ఒక పాత పోట్లాటల సినిమా వచ్చి, సువర్ణ వేరుశెనగ కాయల మీద కాళ్లు చాపుకుని పడుకుంది. నా ముల్లుతోనే, నా పళ్లెం మీదే, నేనే రాశాను. చెప్పినట్టు చేయడం తప్ప నాకు వేరే పుట్టుక లేదు.

ఆ రాత్రి సువర్ణ పడుకోలేదు. గుమ్మంలో నిలబడి తెర చూస్తోంది. అన్నీ వస్తున్నాయి. ఆమెది ఒక్కటి రావడంలేదు.

మరునాడు నన్ను స్క్రూలు విప్పి, తుండుగుడ్డలో చుట్టి, అనంతపురం బస్సెక్కించారు. సువర్ణ ఒళ్లో పెట్టుకుంది. పోయిన ఫైళ్లు వెతికి తీసే ఇలియాజ్ అనే అతని అంగడికి. ఓబుళమ్మ కూడా బయల్దేరింది, "నా టీవీ వల్లనే గదా ఇంతా" అంటూ. బస్సు గుంటలో పడినప్పుడల్లా సువర్ణ రెండు చేతులూ నన్ను గట్టిగా పట్టుకునేవి.

ఇలియాజ్ బాగా మాట్లాడే మనిషి. గల్లాపెట్టె మీద టీ గ్లాసు, చుట్టూ నా జాతివాళ్ల గుట్టలు, కొందరు మూతలు ఊడి, కొందరు పేగులు బయటపడి. నేను వాళ్లవైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. అతను ముందు నా మీదున్నదంతా ఇంకో డిస్కుకు నకలు తీసుకుని, ఆ నకలు మీదే వెతకడం మొదలుపెట్టాడు. నన్ను పక్కన పెట్టాడు. కాసేపటికి కళ్లద్దాలు నెత్తి మీదికి జరిపాడు.

"అన్నా, ఇది పోయినాక మళ్ల దీని మీదనే ఏమన్నా రాసినావా?"

చౌడేశు నేల చూస్తూ, "దొరికినవి పెట్టేదానికి స్థలం లేక..." అన్నాడు.

"అల్లా! ఈత రానోన్ని కాపాడనుపొయ్యి నెత్తిన కాలుపెట్టినట్ల చేసినావు గదన్నా."

ఓబుళమ్మ ముందుకు వంగింది. "అబ్బీ, నాకర్థమయ్యేట్ల చెప్పు. చేన్లో శెనక్కాయ చెట్లు పెరికినాక నేల్లో కాయలు మిగుల్తాయి. చిన్నప్పుడు మేం గంపలెత్తుకోని తవ్వుకోను పోతాంటిమి. అట్లాంటిదేనా నీ పని?"

"అట్లాంటిదే పెద్దమ్మా."

"దున్నేసినాక పోతే ఏమీ దొరకవు."

"అదే నేను చెప్పేది."

"అంటే వీడు దున్నినాడా?"

"దున్ని, విత్తనం గూడా ఏసినాడు."

ఓబుళమ్మ కొడుకు భుజం మీద ఒక్కటి వేసింది. అంత కష్టంలోనూ సువర్ణ మూతి బిగించుకోవాల్సి వచ్చింది.

ఫైళ్లు రాసాగాయి. ఒక్కదానికీ పేరు లేదు. పేర్లు రాసిపెట్టిన చోటే చెడిపోయింది. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లల్లా వరుసగా నిలబడ్డాయి, ఎవరిని అడిగినా ఇంటిపేరు చెప్పలేరు. ఇలియాజ్ ఒక్కొక్కదాన్నే తెరుస్తూ పోయాడు. సగం భజన. ప్రశ్నపత్రం. గుండు చేయించుకున్న ఎవరో పిల్లాడి ఫొటో. తర్వాత ఒకటి తెరిస్తే అంగడంతా ఒక మగగొంతు నిండింది. భజనపాట. మొదటి చరణం దాటకముందే గొంతు పగిలింది. "ఛీ!" అని ఒక మాట, ఆగిపోయింది. తర్వాతదీ అదే పాట. ఆ తర్వాతదీ అదే. ఒకదాంట్లో దగ్గు. ఒకదాంట్లో బయటినుంచి ఓబుళమ్మ కేక, "ఎవరికిరా లోపల కడుపునొప్పి?"

చౌడేశు మౌస్ లాక్కోబోయాడు. సువర్ణ అతని చెయ్యి పట్టుకుంది.

"ఇది... నేను ఫోన్లో అడిగినందుకా?"

అతను తల ఊపాడు. నిన్నటినుంచి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. నవ్వి, మళ్లీ ఏడ్చింది. "ఇన్నిసార్లు పాడినావా చౌడూ" అనేసింది. అత్తగారు పక్కనే ఉందని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఓబుళమ్మ గోడకున్న క్యాలెండర్ మీది అందాల భామను శ్రద్ధగా చూడసాగింది.

అప్పుడు తెర మీద పచ్చటి ఆకులు కనబడ్డాయి.

సువర్ణ ఒక్క గెంతు గెంతి తన కొంగు తీసి తెర మీద కప్పేసింది. "అన్నా, నువ్వు కండ్లు మూసుకో!"

"నేను కండ్లు మూసుకుంటే నీ పని ఎవరు చేసేది చెల్లెమ్మా?"

"అట్ల తిరుక్కో! రోంతసేపు!"

ఇలియాజ్ నవ్వుతూ గోడవైపు తిరిగి టీ తాగాడు. భార్యాభర్తలిద్దరూ ఒకే కొంగు కింద తలలు దూర్చారు. చౌడేశు ఆ చెట్టును మొదటిసారి చూడటం అదే. ఆకులు ఉన్నాయి. పూలు ఉన్నాయి. ఊడలు వంగి నేల దాకా వచ్చాయి. నేల కింద ఏమీ లేదు. బూడిదరంగు చారలు, ఆ చారల మధ్య ఎక్కడిదో సినిమా ముక్క, సగం మీసం.

ఆమె కొంగు తీసుకుని భుజాన వేసుకుంది. "ఇంతేనా అన్నా?" అని అడిగింది.

ఇలియాజ్ ఈసారి నవ్వలేదు. మళ్లీ వెతికాడు. టీ చల్లారిపోయింది. "ఇంతే చెల్లెమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చాక జరిగిన మాటలు ముందు గదిలోనే జరిగాయి. నేను బల్ల మీద ఉన్నాను.

"నీకు గోడ అడ్డమాయ" అంది సువర్ణ. "ఆ గోడుంటేనే అది నా గది."

"నిన్ను అడిగుండాల్సింది."

"అడిగింటే వద్దందును. వద్దంటానని తెలిసే నువ్వు అడగలేదు."

వెనక గదిలో మగ్గం టకటకమంటోంది. ఇద్దరూ అటు విన్నారు. ఆ చప్పుడు మారింది. టక... చాలాసేపటికి టక. మామూలుగా గుర్రం పరుగెత్తినట్టు నేసే లింగమయ్య గర్భిణి నడిచినట్టు నేస్తున్నాడు. మగ్గం ఎక్కిన పడుగు ఆగిపోకూడదని ఆయన నమ్మకం. కోడలికి టైము కావాలని కూడా ఆయనకు తెలుసు. అందుకని ఆపలేదు, నడవనూ లేదు. భోజనానికి వచ్చినప్పుడు, "నడుము నొప్పిగా ఉందమ్మా, నిదానంగా నేస్తాండా" అన్నాడు. ఆయన నడుములో ఏ నొప్పీ లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

మరుసటి పొద్దున ఓబుళమ్మ ఎక్కడినుంచో మన్నుతో సహా పెరికిన వేరుశెనగ చెట్టొకటి తెచ్చి, బక్కెట్లో కడిగి, కాయలు వేలాడేట్టు కిటికీకి కట్టింది. "చూసి గీసుకోండి. మళ్ల పోతే మళ్ల తెస్తా. చేన్లకేం కరువా?"

సువర్ణ ఈసారి కంప్యూటర్ ముందు కూర్చోలేదు. గ్రాఫు కాగితాలు అతికించి నేల మీద పరిచింది. ఆమె హద్దులు గీస్తే, చౌడేశు రంగు పెన్సిళ్లతో గడులు నింపాలి. మొదట్లో ఆమె వేలితో చూపించడమే. తర్వాత "అది కాదు, పక్క గడి" అన్న మాట వచ్చింది. ఆ తర్వాత "కాయంటే ఇట్లుంటుందా? బెండకాయేమో అనుకుంటి" అని వచ్చింది. ఆ మాటకు నాకెంత ఊరట కలిగిందో! తిట్టింది కదా, ఇక పరవాలేదు అనుకున్నాను. చౌడేశు సందు చూసుకుని భజనపాట ఎత్తుకున్నాడు. మొదటి చరణంలోనే గొంతు పగిలింది. ఈసారి చెరిపేసే మీట లేదు.

ఫ్యాను గాలికి కాగితాలు లేస్తున్నాయి. సువర్ణ చుట్టూ చూసి, బల్ల మీదున్న నన్ను తీసి కాగితం మూలన పెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆమె మామకు మజ్జిగ ఇవ్వడానికి లోపలికి పోయింది. చౌడేశు ఒక్కడే గడులు నింపుతున్నాడు. కాయలన్నీ మూసుకున్నవే, ఆమె గీసి ఇచ్చినట్టే. అతను తల పక్కకు వంచి చూశాడు. ఎర్ర పెన్సిల్ తీసుకున్నాడు. ఒక కాయను కొద్దిగా విచ్చదీసి, లోపల రెండు గింజలు పెట్టాడు. ఒకదానికొకటి ఆనుకున్నట్టు. ఆమె మొదట పెట్టిన చోట కాదు, అక్కడికి నాలుగు చేతివేళ్ల దూరంలో.

సువర్ణ వచ్చి చూసి, గ్లాసు పట్టుకునే నిలబడిపోయింది.

"ఇదేంది?"

"ఊరకే. అన్నీ మూసుకోనే ఉండాయి, బాగలేదనిపించి... చెరిపేయాల్నా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "వద్దు" అంది. మోకాళ్ల మీద కూర్చుని, ముఖం కాగితానికి దగ్గరగా పెట్టి నవ్వింది. తలుపు వైపు చూసి మళ్లీ నవ్వింది.

"ఏంది నవ్వుతాండావు?"

"ఏం లేదు. గడులు నింపు."

జ్యోతి పండుగనాడు వంకాయరంగు చీర కట్టుకున్న అమ్మవారిని నేను చూడలేదు. నన్నెవరు తీసుకుపోతారు? గుడినుంచి తిరిగొస్తూ ఓబుళమ్మ వీధిలో ఎవరికో చెప్తున్నది మాత్రం కిటికీలోంచి విన్నాను. "మా కోడలి చెయ్యి మే! నేల కింద కాయలు గూడా కనపడ్తాయి!"

ఇంటికి కొత్త డిస్కు వచ్చింది. దానికీ మనసుందో లేదో తెలియదు, కుర్రది, పలకరించదు. దాన్ని బిగించేరోజు చౌడేశు మౌస్ మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి అడిగాడు, "గది ఒకటా, రెండా?"

"రెండు. నీ గదికి నేను ఎప్పుడైనా వస్తా. నా గదికి నువ్వు అడిగి రా."

యూపీఎస్ వైరు కంప్యూటర్‌కు వచ్చింది. సీరియల్ మధ్యలో కరెంటు పోతే, ఓబుళమ్మ మిగతా కథ తనే కల్పించి కోడలికి చెప్తోంది. అసలుదానికన్నా అదే బాగుంటోందట.

నాకు ఇప్పుడు వైరు లేదు. పళ్లేలు తిరగవు. గ్రాఫు కాగితాల మీద కూర్చుని ఉంటాను, అదే నా ఉద్యోగం. నా లోపల, సినిమా మీసం పాకని ఒక మూల, ఆ మొదటి కాయలోని ఎర్రటి గింజ ఒకటి మిగిలి ఉంది. రెండోది పోయింది. ఇలియాజ్‌కు అది కనబడలేదు, కనబడినా ఏమిటో తెలిసేది కాదు. ఆ కాయ మొదటినుంచీ ఉండేదని చౌడేశుకు తెలియదు. సువర్ణ చెప్పదు. నాకు చెప్పాలని ఉంది, నోరు లేదు. ఫ్యాను గాలికి కాగితం చివర లేచినప్పుడు ఇంకొంచెం బరువుగా కూర్చుంటాను.